అద్దాల కిటికీలో పెళ్ళికొడుకు

“ఇవాళ ఎవరో ఒకరు వచ్చి మన పరువు తీసి పోతారే, నాకు తెలుస్తూనే ఉంది,” అన్నాను సోయా మొలకలు కడుగుతూ.

మా అమ్మాయి మాల్‌సూన్ నాటకశాల వెనక వరండాలో, పొయ్యి పక్కన గోడకి జారగిలబడి, వేడినీళ్ళ గిన్నె రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. రాత్రి ఆట ముగిశాక మొహం సరిగ్గా కడుక్కోలేదు కాబోలు, చెవుల వెనక పౌడరు తెల్లగా అట్టకట్టి ఉంది.

“నీకు రోజూ తెలుస్తూనే ఉంటుంది కదమ్మా,” అంది. “మొన్న పడవ మునుగుతుందన్నావు. అంతకుముందు పైకప్పు కూలుతుందన్నావు.”

“కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు.”

“నువ్వు కీడెంచి అక్కడే ఆగిపోతావు.”

నా భయానికి కారణం లేకపోలేదు. కిందటివారం చదివినవాళ్ళకి తెలుసు. ఇరి అనే ఊళ్ళో ఆటలు సాగక, మూటాముల్లె సర్దుకుని మా ఆడవాళ్ళ నాటక కంపెనీ ఈ గున్‌సాన్ రేవుకి వచ్చిపడింది. ఇక్కడా సగం చాపలు ఖాళీయే. వీధి చివర సినిమా హాలు కట్టాక జనం అటే పోతున్నారు. ఈ ఊళ్ళో కూడా హాలు నిండకపోతే కంపెనీ ఎత్తేస్తానని యజమానురాలు, పే అనే ఆవిడ, అందరి మొహం మీదా చెప్పేసింది. అది చాలదన్నట్టు నిన్న సాయంత్రం గేటు దగ్గర ముసలాయన ఇంకో మాట మోసుకొచ్చి నా నిద్ర చెడగొట్టాడు. పట్టుబట్టలు కట్టుకున్న ఒకావిడ వచ్చి, ‘హన్ ఉన్హా అనే కుర్రాడు ఎక్కడ దిగాడు, వాడికి పెళ్ళయిందా’ అని ఆరా తీసి వెళ్ళిందట.

హన్ ఉన్హా అంటే ఇంకెవరు, మా మాల్‌సూనే. ఆ పేరు కంపెనీ పెట్టింది. మాల్‌సూన్ అన్నది మా అత్తగారు పెట్టింది. ఆఖరి ఆడపిల్ల అని అర్థం. దీంతో ఆడపిల్లలు చాలు, తర్వాత మగపిల్లాడు పుట్టాలని అలా పెట్టారు. పుట్టలేదు. యుద్ధంలో ఇంటాయన పోయాక, ఆ ఆఖరి ఆడపిల్లే మగవేషం కట్టి నన్ను పోషిస్తోంది.

మా కంపెనీలో రాజులూ, దొంగలూ, భటులూ అందరూ ఆడవాళ్ళే. జమీందారు బిడ్డ వేషాలన్నీ మాల్‌సూన్‌వి. అందుకే ఊరూరా ఆడపిల్లలు దాన్ని ‘చిన్నదొర’ అంటారు. చిన్నదొర స్టేజి మీద విసనకర్ర విప్పి గొంతెత్తితే ముందువరసలో ముక్కు చీదుకోవడం తప్ప ఇంకో చప్పుడు ఉండదు. జుట్టు కత్తిరించేసింది. బయటికి వెళ్తే కోటూ ప్యాంటూ. గొంతు కూడా కావాలని బొంగురు చేసుకుంది. ఒకసారి ఊరి స్నానాలశాలకి వెళ్తే ఆడవాళ్ళు కేకలు పెట్టి ఒంటి మీద గుడ్డలు కప్పుకున్నారు. అప్పట్నించీ తెల్లారకముందే, నీళ్ళు కాగకముందే వెళ్ళి చన్నీళ్ళు పోసుకొస్తుంది.

ఇక ఆ పట్టుబట్టలావిడ సంగతి. ఆడపిల్లలకి ఒక ముచ్చట ఉంది, మేం వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఉంది. తమకి నచ్చిన మగవేషగత్తెని ఫొటో స్టూడియోకి తీసుకెళ్తారు. ఆవిడకి పెళ్ళికొడుకు అంగీ, టోపీ తొడిగిస్తారు. తాము పెళ్ళికూతురి బట్టలు కట్టుకుని, బుగ్గల మీద ఎర్రబొట్లు పెట్టుకుని, పక్కన నిలబడి ఫొటో దిగుతారు. దిగాక నవ్వుకుంటూ ఎవరింటికి వాళ్ళు పోతారు. మా మాల్‌సూన్ ఇలా ఎన్ని పెళ్ళిళ్ళు చేసుకుందో దానికే తెలియదు. అసలు పెళ్ళి మాత్రం కాలేదు.

కిందటేడు కోతల రోజుల్లో ఈ ఊరొచ్చినప్పుడు, పిల్‌సుక్ అనే బియ్యంమిల్లు వాళ్ళ పిల్లతో అలాగే ఒకటి దిగింది. ఈసారి వచ్చేసరికి ఆ ఫొటోకి రంగులద్ది, మనిషి నడుమెత్తుకి పెద్దది చేసి, స్టూడియో వాడు అద్దాల కిటికీలో వేలాడదీశాడు. చూసి మాల్‌సూన్ నవ్వింది. నేను మాత్రం అటూ ఇటూ చూసి దాన్ని అక్కణ్ణించి లాక్కొచ్చాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ మొహాలకి రంగులు వేసుకుంటున్నారు. ఆట సాయంత్రమే అయినా, ముందు ఎద్దుబండెక్కి డప్పులతో బజారంతా ఊరేగితేగానీ టికెట్లు తెగవు. మాల్‌సూన్ లోచొక్కాతో అద్దం ముందు కూర్చుని కనుబొమ్మలు దిద్దుకుంటోంది. తలమీద సవరం ముడి, నుదుటికి పట్టీ అప్పటికే బిగించేశారు. నేను దాని అంగీకి ఊడిన గుండీ కుడుతున్నాను.

తలుపు తోసుకుని పట్టుబట్టలావిడ వచ్చింది. రావడం విసురుగానే వచ్చింది. లోచొక్కాలో ఉన్న మాల్‌సూన్‌ని చూడగానే గిరుక్కున తిరిగి గోడవైపు మొహం పెట్టుకుంది.

“ముందు ఆ అబ్బాయిని చొక్కా తొడుక్కోమను,” అంది గోడతో.

దొంగల నాయకుడి వేషం కట్టే ఓక్‌బున్, గడ్డం సగం అతికించుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“మిమ్మల్నే అడుగుతున్నాను. ఈ హన్ ఉన్హా తల్లి ఎవరు?”

“నేనేనండీ,” అన్నాను. సూది వేల్లో దిగింది.

“కన్నావు సరే, బుద్ధి చెప్పక్కర్లేదా? పరాయి ఊరి ఆడపిల్లకి పెళ్ళికూతురి బట్టలు కట్టించి, ఫొటో తీయించి, ఊరంతా చూడ్డానికి వేలాడదీస్తాడా? మేం బియ్యంమిల్లు వాళ్ళం. నేను పిల్‌సుక్ తల్లిని. మా ఆయనకి తెలిస్తే మీ వాడి కాళ్ళు ఉంటాయా?”

“మా వాడు కాదండీ అమ్మగారూ. మా అమ్మాయి.”

“ఆ ఫొటో నేను చూశాను. నాకు కళ్ళు లేవనుకున్నావా?”

“పిన్నీ, పోనీ దీనికి మీసం కూడా అతికిద్దామా, ఇంకా బాగా నమ్ముతుంది,” అంది ఓక్‌బున్ మెల్లిగా. నేను దాని వైపు ఒక చూపు చూశాను.

మాల్‌సూన్ లేచింది. నడక కూడా మగనడకే, అలవాటైపోయింది. గోడకీ ఆవిడకీ మధ్య వెళ్ళి నిలబడి, తల వెనక్కి వంచి, గొంతు చూపించింది.

“ఇక్కడ చెయ్యి పెట్టి చూడండమ్మా. నేను గుటక వేస్తాను. మగాళ్ళకి ఇక్కడ ముడి కదులుతుంది. నాకు లేదు.”

ఆవిడ కళ్ళు మూసుకునే చెయ్యి చాపింది. మాల్‌సూన్ గుటక వేసింది. ఆవిడ వేళ్ళు కాసేపు అక్కడే ఉండిపోయాయి. తర్వాత పక్కనున్న బట్టల పెట్టె మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. కోపంగా వచ్చిన మనిషి కోపంగా పోతే భయం లేదు, ఏడిస్తేనే భయం. నేను మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. పిల్‌సుక్‌కి నోన్‌సాన్‌లో సంబంధం కుదిరింది. బడిపంతులు. వాళ్ళు జాతకం పంపారు, వీళ్ళు పుచ్చుకున్నారు, అంటే నిశ్చయమైనట్టే, పసుపచ్చ దోసకాయలు కాసే ముందే పెళ్ళి అనుకున్నారు. నిన్న పెళ్ళికొడుకు తల్లి బట్టలు కొనడానికి గున్‌సాన్ వచ్చి, రైలు దిగి బజారుకి నడుస్తూ అద్దాల కిటికీలో కాబోయే కోడల్ని చూసింది. పక్కన పెళ్ళికొడుకు తన కొడుకు కాదు. ఇంకెవడో, తన కొడుక్కన్నా అందగాడు.

“జాతకం వెనక్కి ఇచ్చెయ్యమని కబురు పెట్టింది,” అంది పిల్‌సుక్ తల్లి కళ్ళు తుడుచుకుంటూ. “ఒకసారి పెళ్ళయిన పిల్లని అంటగడుతున్నారా అంది. రేపటికల్లా ఊరంతా పాకుతుంది. ఇక దానికి ఈ చుట్టుపక్కల ఎవడొస్తాడు?”

“ఆ ఫొటోలో ఉన్నది ఆడమనిషి అని చెప్పకపోయారా?” అన్నాను.

“నాకే ఇప్పుడు తెలిసింది కదమ్మా. పిల్లని అడిగినా నోరు విప్పదు. నేను చెప్తే మాత్రం ఆవిడ నమ్ముతుందా? కళ్ళతో చూడాలి.” ఆవిడ మాల్‌సూన్ చెయ్యి పట్టుకుంది. అంతదాకా ‘వాడు’ అన్న మనిషి, ఉన్నట్టుండి మర్యాదలోకి దిగింది. “ఆవిడ మధ్యవర్తి ఇంట్లో ఉంది, చేపల బజారు అవతల. సాయంత్రం రైలుకి వెళ్ళిపోతుంది. మీరొక్కసారి రండి. ఈ అవతారంలో కాదు. పావడా రవికా కట్టుకుని, ఆడదానిలా నడిచి రండి. అంతే, ఇంకేం మాట్లాడక్కర్లేదు.”

“ఆవిణ్ణే ఇక్కడికి తీసుకురావచ్చు కదండీ?” అన్నాను.

“విధవరాలు. నాటకశాల గడప తొక్కుతుందా?”

“ఎవరూ ఎక్కడికీ పోవడం లేదు,” అంది వెనకనించి ఒక గొంతు.

యజమానురాలు పే తలుపు దగ్గర నిలబడి ఉంది, వేళ్ళ మధ్య సిగరెట్టుతో. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఆవిడా ఒకప్పుడు పెద్ద గాయనే. ఇప్పుడు పాడదు, దగ్గుతుంది.

“మీ కష్టం అర్థమైందమ్మా,” అంది పిల్‌సుక్ తల్లితో. “నా కష్టం కూడా వినండి. ఈ ఊళ్ళో వచ్చే నలుగురూ చిన్నదొర కోసమే వస్తున్నారు. ఆ చిన్నదొర పట్టపగలు పావడా కట్టుకుని చేపల బజారులో నడిచిందంటే సాయంత్రం ఎవరొస్తారు?”

“అది ఆడదని అందరికీ తెలుసుగా,” అంది ఓక్‌బున్.

“తెలుసు. తెలిసింది మర్చిపోవడానికే టికెట్టు కొంటారు.” పే మాల్‌సూన్ వైపు తిరిగింది. “నువ్వు మెత్తని మనిషివని నాకు తెలుసు. అందుకే ముందే చెప్తున్నాను. పావడాతో బయటికెళ్ళిన మనిషి ఈ గుమ్మంలోకి వేషం కోసం మళ్ళీ రానక్కర్లేదు. నీ బూట్లు తొడుక్కోవడానికి వెనక ఇద్దరు పిల్లలు కాచుకుని ఉన్నారు.”

ఆవిడ ఉత్తి బెదిరింపులు బెదిరించే మనిషి కాదు. మాల్‌సూన్‌కి ముప్ఫై దాటాయి. పాట తప్ప ఇంకో పని తెలియదు. ఈ గుమ్మం దాటితే ఇంకే కంపెనీ ఉంది? ఉన్నవన్నీ మూతపడుతున్నాయి. అలాగని వెళ్ళకపోతే మిల్లాయన ఊరుకుంటాడా? ఆయన తల్చుకుంటే రేపు మా హాలుకి కరెంటు ఉండదు, ఎల్లుండి మా మీద ఏదో ఒక కేసు ఉంటుంది. ఎటు చూసినా నాకు గొయ్యే కనబడింది.

“అమ్మా, ఇంటికి పద,” అని వినిపించింది.

పిల్‌సుక్. తల్లి వెనకే వచ్చి ఎప్పట్నించి నిలబడిందో, గుమ్మంలో పే భుజం పక్కనించి లోపలికి చూస్తోంది. బొద్దుగా, చెవుల దాకా ఎర్రబడి ఉంది. ఫొటోలో కన్నా చిన్నపిల్లలా కనబడింది.

“వీళ్ళనెందుకు ఇబ్బంది పెడతావు? ఆ ఫొటో కిటికీలో పెట్టమని స్టూడియో వాడిని బతిమాలింది నేనే.”

తల్లి చప్పున దాని వైపు తిరిగింది.

“రైల్లోంచి దిగి బజారుకెళ్ళే దారి అదొక్కటే. నోన్‌సాన్ వాళ్ళు చూస్తారనే పెట్టించాను.”

“ఎందుకే?”

“వాళ్ళు ‘మా ఇంట్లో పాటలూ అవీ ఉండవు’ అన్నారు. నువ్వు విన్నావు కదా. విని, అలాగేలెండి అన్నావు.”

“పాట కోసం పెళ్ళి చెడగొట్టుకున్నావా? తలుపు మూసుకుని లోపల పాడుకోవచ్చుగా, ఎవడొద్దన్నాడు?”

“నేను ఇక్కడికొచ్చేస్తాను,” అంది పిల్‌సుక్. తల్లితో కాదు, మాల్‌సూన్‌తో. “నాకు పాట వచ్చు. అంకాలన్నీ కంఠతా వచ్చు. చిన్నదొరా, మీరు వెళ్ళకండి. మీరు వెళ్తే వాళ్ళు జాతకం మా దగ్గరే ఉంచేస్తారు, పెళ్ళి ఆగదు.”

పే నవ్వింది, దగ్గు కలిసిన నవ్వు. “బాగుంది. కంపెనీ మునుగుతుంటే ఎక్కేవాళ్ళు కూడా దొరికారు.”

మాల్‌సూన్ కుర్చీలో కూర్చుంది. ఒక కనుబొమ్మ దిద్ది, ఒకటి దిద్దకుండా ఉన్న మొహం. దాన్ని అలా చూస్తుంటే ఎంత అలిసిపోయిందో నాకు ఆ పూటే తెలిసినట్టయింది.

“ఇటు రా పిల్లా,” అంది. పిల్‌సుక్ వచ్చింది. మాల్‌సూన్ లోచొక్కా గుండీలు తీసింది. లోపల గుండెల మీద నలుపెక్కిన గుడ్డపట్టీ, చుట్టు మీద చుట్టు. “దీని కొస పట్టుకుని లాగు.”

పిల్‌సుక్ లాగింది. మాల్‌సూన్ కూర్చున్నచోటే నెమ్మదిగా తిరిగింది. చుట్లు ఊడేకొద్దీ చర్మం బయటపడింది. తాడుతో కట్టేసి తెచ్చిన పశువు ఒంటి మీద ఉండేలాంటి గీతలు. కొన్ని మానినవి, కొన్ని ఇంకా తడిగా ఉన్నవి. వేసవిలో అవి చీము పడితే పసుపచ్చ మందు రాసేది నేనే, అయినా నేను తల తిప్పుకున్నాను. పిల్‌సుక్ తల్లి కూడా తిప్పుకుంది. ఆ పిల్ల మాత్రం తిప్పుకోలేదు.

“ఇది బిగించి కడితేగానీ అంగీ కూర్చోదు,” అంది మాల్‌సూన్. “బిగిస్తే ఊపిరి సగమే అందుతుంది. ఆ సగంతో పాడాలి. పాడి, చాప మీద పడుకుని, పొద్దున్నే లేచి ఇంకో ఊరికి పోవాలి. నువ్వు ముందువరసలో కూర్చుని చూసేది ఇదే.”

“నేనూ కట్టుకుంటాను,” అంది పిల్‌సుక్.

మాల్‌సూన్ నవ్వలేదు. “నేనూ ఇలాగే అన్నాను,” అంది.

“మీరే అన్నారుగా ఆరోజు స్టూడియోలో. ‘ఊరు అబద్ధమన్నా, ఈ చెయ్యి పట్టుకున్నది నిజం’ అని.”

“అది మూడో అంకంలో మాట పిల్లా. ప్రతి ఊళ్ళోనూ అంటాను.”

“తెలుసు. చెప్పానుగా, నాకు కంఠతా వచ్చు.” పిల్‌సుక్ చేతిలో ఆ గుడ్డపట్టీ ఇంకా ఉంది. దాన్ని చుట్టచుట్టి, జాగ్రత్తగా, మాల్‌సూన్ ఒళ్ళో పెట్టింది. “మూడో అంకంలో ఆ మాట అని మీరు ఏడుస్తారు. స్టూడియోలో కూడా ఏడ్చారు. అక్కడ జనం లేరు.”

ఆ మాటకి మాల్‌సూన్ కళ్ళు దించుకుంది. ఓక్‌బున్ గడ్డం పీకి పక్కన పెట్టింది.

తలెత్తి మాల్‌సూన్ అంది, “నీకు ఆ పంతులు వద్దా?”

“వద్దు.”

“వద్దని వాళ్ళతో చెప్పావా?”

“ఫొటో చెప్పింది కదా.”

“ఫొటోలో నేనున్నాను. నా మొహం అడ్డం పెట్టి చెప్పావు. నీ మొహంతో చెప్పలేదు. నీ నోట నువ్వు చెప్పుకోలేని పిల్లవి, వెయ్యిమంది ముందు ఏం పాడతావు?”

పిల్‌సుక్ మొహం పాలిపోయింది. తల్లి మాత్రం ఆ సందు చూసుకుని ముందుకొచ్చి, పట్టుపావడా నలుగుతోందని కూడా చూసుకోకుండా, చెక్కనేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది. మా కంపెనీలో అలా కూర్చుని వేడుకునేది వేషాల్లోనే. నిజంగా ఒక మిల్లు యజమాని భార్య అలా కూర్చోవడం నేను చూడలేదు.

“అది తర్వాత ఏం చెప్పుకుంటుందో చెప్పుకోనీ,” అంది. “ముందు నా బిడ్డ పెళ్ళయిపోయిన పిల్ల కాదని తేలనివ్వండి. పెళ్ళయి చెడిన పిల్ల వద్దన్నా కావాలన్నా వినేదెవరు? మీ అమ్మ ఇక్కడే ఉంది. ఆవిణ్ణే అడగండి.”

అందరూ నా వైపు చూశారు. ఆవిడ చెప్పింది నిజమే, ఏ తల్లికైనా తెలిసే నిజం. ఇన్నేళ్ళూ దీన్ని ఒక్కసారి పావడాలో చూసి కళ్ళు మూయాలని కోరుకున్నదాన్ని నేనే. వద్దే తల్లీ, అంగీ తొడుక్కో, బండెక్కు అన్న మాట నా నాలుక చివర ఉంది. అది మింగి, అంగీ ఒళ్ళోకి లాక్కుని మళ్ళీ గుండీ కుట్టడం మొదలుపెట్టాను.

బయట ఎద్దుబండి కట్టారు. డప్పు మొదలైంది. రోజూ ఆ డప్పు వినగానే మాల్‌సూన్ వీపు దానంతటదే నిటారుగా లేస్తుంది.

“బండా, పావడానా?” అంది పే. “ఎద్దులు ఆగవు. చెప్పు.”

మాల్‌సూన్ ఒళ్ళో ఉన్న గుడ్డపట్టీని చూసుకుంటూ కూర్చుంది. పే సిగరెట్టు చివరిదాకా కాలి వేళ్ళు చురుక్కుమంటే కింద పడేసింది. పిల్‌సుక్ తల్లి మోకాళ్ళ మీద అలాగే ఉంది. పిల్‌సుక్ గోడకి ఆనుకుని, పెదవులు మాత్రం కదుపుతోంది, వాళ్ళకి చెప్పాల్సిన మాట సాధన చేస్తున్నట్టు. బయట డప్పు ఆగింది. ఎవరో ‘చిన్నదొర ఏదీ’ అని అరిచారు. మళ్ళీ డప్పు మొదలైంది, మళ్ళీ ఆగింది. ఇక ఇది పలకదు, ఇవాళ దీని నోట మాట రాదు అని నేను అనుకున్నాను.

మాల్‌సూన్ చేతులు పైకెత్తి, నుదుటి పట్టీ ముడి విప్పింది.

“అమ్మా,” అంది. “నీ పావడా ఒకటి ఇవ్వు. నాకు ఒక్కటీ లేదు.”